ఏడో పేరు

ధర్మవరం
2025 ఏప్రిల్ 28, సోమవారం

అక్కకు,

రాజీ నిన్న, ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకు కుదిరింది. పెనుకొండలో ఒక కల్యాణమండపం మేడమీద గదిలో రెండు పార్టీలవాళ్లూ కూర్చున్నారు. మీ వైపు పెద్దమనిషి రంగనాథ్ బావ, మా వైపు ఆంజనేయులు. ఓబులేసు బావ హత్య కేసులో సాక్షులందరూ కోర్టుకు వెళ్లి "ఎవరినీ గుర్తు పట్టలేము" అని చెప్పాలన్నది ఒప్పందం. కాగితంలో ఆ మాట లేదు. "పాత కక్షలు మరిచి ఊళ్లో కలిసి బతుకుతాము" అని మాత్రమే రాశారు. పదకొండుమంది సాక్షుల్లో పదిమంది సంతకాలు పడ్డాయి. మిగిలింది నీది. కళ్లారా చూసింది నువ్వొక్కదానివే కాబట్టి నీ సంతకం లేకపోతే ఆ పదీ ఉన్నా లేనట్టేనని మా ఆయన అన్నాడు.

నేను నీకు ఒక్క మాట రాసి పన్నెండేళ్లు కావస్తోంది. ఫోన్ చెయ్యకపోవడానికి కారణం ఉంది. ముద్దాయి ఇంటినుంచి సాక్షి ఫోన్‌కు కాల్ వెళ్తే ఆ లిస్టు కోర్టులో బయటపడుతుందని మా వకీలు చెప్పాడు. నువ్వు హిందూపురంలో గార్మెంట్స్‌లో పనిచేస్తున్నావని తెలిసి అక్కడికే రాస్తున్నాను. నాకు రాస్తే అంగన్‌వాడీ అడ్రసుకు రాయి. అక్కడ ఆయాగా ఉన్నాను. ఇంటికి మాత్రం వద్దు.

కేసులో మా ఆయన తిరుపాల్ ఏడో ముద్దాయి. ఆ పేరు నీ నోటినుంచే వచ్చింది. ఎందుకు వచ్చిందో ఈ ఉత్తరంలో అడగను. జూన్ 17న నీ సాక్ష్యం అని తెలిసింది. ఒక్క మాట చెప్పి బోను దిగు. అందరికీ అయిపోతుంది.

ప్రత్యూషకు పదకొండు నిండాయి. నిన్ను ఫొటోలోనే చూసింది.

ప్రశాంతి


హిందూపురం
2025 మే 6, మంగళవారం

ప్రశాంతికి,

నీ ఉత్తరం శుక్రవారం మధ్యాహ్నం భోజనాల గంటలో అందింది. గేటు దగ్గర సెక్యూరిటీలో ఉండే నరసక్క తెచ్చి ఇచ్చింది. ధర్మవరంలో నాకు ఎవరున్నారని అడిగింది. తెలిసినవాళ్లని చెప్పాను.

నేను సంతకం పెట్టలేదు. పెడతానని కూడా ఎవరికీ చెప్పలేదు.

మొన్న ఆదివారం రంగనాథ్ బావ ఇక్కడికి వచ్చాడు. పవన్‌ను కారులో ఎక్కించుకుని ఊరికి తీసుకెళ్లి, పొలం చూపించి, తిరిగి తెచ్చి దింపాడు. పవన్‌కు ఇరవై ఏళ్లు. ఐటీఐ అయ్యాక చెన్నేకొత్తపల్లిలో ఒక ట్రాక్టర్ షెడ్డులో పని నేర్చుకుంటున్నాడు. వాళ్ల నాయన పోయాక ఊరి పొలిమేర దాటి లోపలికి వెళ్లడం వాడికి ఇదే మొదటిసారి.

బావ కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతూ చెప్పాడు. "ఏమ్మా, ఆరెకరాలూ దున్నించినా. పన్నెండేండ్ల కంప పీకించినా. వాన పడితే నీ కొడుకు శెనక్కాయ ఏస్కోవచ్చు."

నా భర్త కేసు సంగతేమిటని అడిగాను.

2011లో ఆంజనేయులు వాళ్ల అన్నను చంపిన కేసులో రంగనాథ్ బావ మొదటి ముద్దాయి అని నీకు తెలుసు. రాజీ మాటలు నోటిమీద నడుస్తుండగానే, ఈ మార్చిలో ఆ కేసులో ఐదుగురు సాక్షులు బోనెక్కి ఐదుగురూ తెలియదన్నారు. ఏప్రిల్ 9న కొట్టేశారు. బావ ఆ సంగతే ఎత్తాడు. "వాళ్లు మాట నిలుపుకున్యారు. ఇప్పుడు మన వంతు. నువ్వు తప్పితే నాకేం గాదమ్మా, నా కేసు అయిపాయ. ఆ పొలంలో తిరగాల్సింది పవన్ గదా."

నవ్వుతూ అన్నాడు. బెదిరించాడని నేను రాయలేను. అన్నది రాస్తున్నాను.

రాజీలో ఇంకో షరతు ఉందట, నువ్వు రాయలేదు. చనిపోయినవాళ్ల పేర్లు ఇక ఊళ్లో ఎవరూ ఎత్తకూడదట. ఎత్తితే పాత గొడవ లేస్తుందట. పవన్ అక్కడే నిలబడి ఉన్నాడు. "పెదనాయనా, పాసుబుక్కులో మా నాయన పేరుండాదే, దాన్నీ కొట్టేస్తారా?" అని అడిగాడు. బావ పడీ పడీ నవ్వి వాడి వీపు తట్టాడు. నాకు నవ్వు రాలేదు. పవన్ కూడా నవ్వలేదు. కానీ ఆ రాత్రి అన్నం తింటూ, నల్లరేగడి చెక్క ఎంతుందో, బోరు వేస్తే ఎక్కడ వెయ్యాలో చెప్పాడు. వాడికి పొలం కావాలి. అది తప్పని ఎలా అంటాను?

నిన్ను ఒకటి అడగాలి. ఆ రోజు మేము ధర్మవరంలో నర్సింగ్ హోమ్‌కు వచ్చింది రెండు రోజుల నీ బిడ్డను చూడడానికి. ఓబులేసు ఎప్పుడూ వెళ్లిన దారిన తిరిగి వచ్చేవాడు కాదు. ఏ దారిన వెళ్లాలో బండి ఎక్కే ముందు చెప్పేవాడు, అదీ నాకే. నాలుగున్నరకు నీ మంచం పక్కన నిలబడి, "వంకదారిన పోదాం" అన్నాడు. ఐదూ నలభైకి వంక కల్వర్టు దగ్గర వాళ్లు కాసుకుని ఉన్నారు. వాళ్లకు ఎలా తెలిసింది? పోలీసులు అడగలేదు. మా వైపువాళ్లూ అడగలేదు.

లక్ష్మీనరసమ్మ


ధర్మవరం
2025 మే 15, గురువారం

అక్కకు,

నువ్వు నన్ను అడుగుతున్నావు. నేను అడగనన్న ప్రశ్న ఇప్పుడు అడుగుతున్నాను.

మా ఆయన ఆ రోజు ఎక్కడున్నాడో నీకు తెలుసు. నర్సింగ్ హోమ్ మెట్లమీద నీకు టీ తెచ్చి ఇచ్చాడు. నువ్వు సగం తాగి గ్లాసు ఆయన చేతికే ఇచ్చావు. గంట తర్వాత నలభై కిలోమీటర్ల అవతల వేటకొడవలి పట్టుకుని ఉన్నాడని పోలీసులకు చెప్పావు. ఆ నర్సింగ్ హోమ్ మూసేసి ఆరేళ్లయింది. రిజిస్టర్లు లేవు. డాక్టరమ్మ చనిపోయింది. ఆయన ఆ సాయంత్రం అక్కడ ఉన్నాడని చెప్పగలిగినవాళ్లం ఇప్పుడు మనమిద్దరమే. పెళ్లాం మాట కోర్టు నమ్మదని వకీలు అన్నాడు.

ఏడు నెలలు జైల్లో ఉన్నాడు. బయటికి వచ్చాక ఊళ్లో ఉండలేక ఇక్కడికి వచ్చాం. మగ్గం నేర్చుకున్నాడు. ముప్పై రెండేళ్ల వయసులో మగ్గం గుంటలో కాళ్లు పెట్టి, పోగు తోసే నాడె ఆడించడం రాక కూర్చుంటే పక్క మగ్గాలవాళ్లు "ఏమబ్బా, కొడవలి కన్నా నాడె బరువుగా ఉండాదా?" అని ఎగతాళి చేసేవాళ్లు. ఇన్నేళ్లలో ముద్దాయిగా హిందూపురం కోర్టుకు నూట నలభై వాయిదాలు తిరిగాడు. నలుగురు జడ్జీలు మారారు. వాయిదా రోజు మగ్గం ఆగుతుంది. స్కూల్లో ఫారం నింపేటప్పుడు ప్రత్యూష తండ్రి వృత్తి ఏమిటని అడిగితే వెనకనుంచి ఒక పిల్ల "ముద్దాయి" అందట. అది ఇంటికొచ్చి ఆ మాటకు అర్థం అడిగింది.

మనిద్దరినీ ఆ ఊరికి ఇచ్చినప్పుడు అక్కడ రెండు పార్టీలు లేవు. నాయన ఇద్దరు కూతుళ్లూ ఒక ఊళ్లో ఉంటే ఒకరికొకరు తోడుగా ఉంటారన్నాడు. నువ్వు పెళ్లయిన కొత్తలో రోజూ సందు దాటి వచ్చి నాకు జడ వేసేదానివి. అలాంటిదానివి ఆయన పేరు ఎట్లా చెప్పావు?

సంతకం పెట్టకపో. కానీ ఇది చెప్పు.

ప్రశాంతి


పెనుకొండ, బస్టాండు
2025 మే 27, మంగళవారం

ప్రశాంతీ,

చెబుతాను. ఇంట్లో కూర్చుని రాయలేకపోయాను. ఈ రోజు సెలవు పెట్టి పవన్‌తో ఊరికి వెళ్లి వచ్చాను. హిందూపురం బస్సుకు ఇంకా గంటన్నర ఉంది.

ముందు ఈ రోజు జరిగింది. పొలం నిజంగానే దున్ని ఉంది. గట్టుమీద నిలబడి ఉండగా ఆంజనేయులు వచ్చాడు. జుట్టు నెరిసింది. చేతిలో సెల్‌ఫోన్ తప్ప ఏమీ లేదు. "బాగుండావామ్మా?" అని అడిగాడు. "బాగుండా" అన్నాను. ఆ మాట నా నోటినుంచి వచ్చింది. పవన్ వైపు చూసి, "మీ నాయన మాదిరే ఉండావప్పా" అన్నాడు. పేరు ఎత్తలేదు. షరతు ప్రకారం నడుచుకున్నాడు. అతను వెళ్లాక, ఎవరని పవన్ నన్ను అడిగాడు. చెప్పాను. వాడు ఒక మట్టిపెళ్ల తీసి చేత్తో నలిపాడు.

ఇక నువ్వు అడిగింది. 2013 అక్టోబరు 9, బుధవారం. నేను చూసింది నలుగురిని. అందులో మూడు ముఖాలు: ఆంజనేయులు, అతని చిన్న తమ్ముడు, వాళ్ల ట్రాక్టర్ డ్రైవరు. నాలుగోవాడు మూతికి తువ్వాలు కట్టుకున్నాడు. వాడెవరో ఈ రోజుకీ తెలియదు.

ఏడు గంటలకు ఈ పెనుకొండ స్టేషన్ వరండాలో కూర్చున్నాను. చీరమీద రక్తం ఆరలేదు. ఫిర్యాదు రాయకముందు రంగనాథ్ బావ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఒక పెళ్లిపత్రిక వెనకవైపు పది పేర్లు రాసి ఉన్నాయి. నేను చూసిన ముగ్గురూ, వాళ్లతోపాటు ఆ పార్టీలో డబ్బున్నవాళ్లు, మాట చెల్లేవాళ్లు, ముందుండి నడిపేవాళ్లు. అటువైపు ఎవరూ బయట మిగలకూడదని అలా రాస్తారు. 2011లో వాళ్లూ అలాగే రాశారు. నేను ముగ్గురినే చూశానన్నాను. "చూసిన ముగ్గుర్ని చెప్తే ముగ్గురే లోపలికి పోతారు. మిగతా ఏడు మంది రేపు మనల్ని నరుకుతారు" అన్నాడు.

ఏడో పేరు దగ్గర ఆగాను. తిరుపాల్ ధర్మవరంలో ఉన్నాడు, నా చెల్లెలి భర్త అన్నాను. అప్పుడు బావ అన్న మాట నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. "అందుకే రాసినా. సొంత చెల్లెలి మొగుణ్ణే చెప్పిందంటే అబద్దం ఎందుకు చెప్తుందని జడ్జి అనుకుంటాడు. ఆ ఒక్క పేరు ఉంటే తక్కిన తొమ్మిదీ నిలబడతాయి."

పత్రిక చూసి రెండుసార్లు చదివి లోపలికి వెళ్లి పదీ చెప్పాను. ఓబులేసు అప్పటికి ఆసుపత్రి వెనక గదిలో నేలమీద ఉన్నాడు. అది సాకు కాదు. ఆ గంటలో ఆ పది పేర్లే నాకు న్యాయమని అనిపించింది.

పోయిన వారం ప్రాసిక్యూటర్‌ను కలిశాను. నేను చూసింది ముగ్గురినే, అదే చెబుతానన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. అప్పుడు పదిమంది అని, ఇప్పుడు ముగ్గురంటే, ఏది అబద్ధమని అవతలి వకీలు అడుగుతాడన్నాడు. అప్పుడు మొత్తం కేసే పోవచ్చు, తప్పుడు వాంగ్మూలం ఇచ్చానని నామీదికే రావచ్చు. పదిమందీ అంటే తిరుపాల్‌కు యావజ్జీవం పడవచ్చు. ఎవరినీ గుర్తు పట్టలేనంటే ఆంజనేయులు రేపు మళ్లీ గట్టుమీదికి వచ్చి బాగున్నావా అని అడుగుతాడు, నేను బాగున్నానంటాను. చచ్చేదాకా అంటాను.

ఎటు వెళ్లినా గోడే ఉంది. అయినా ముగ్గురినీ చెబుతాను. ఏడో ముద్దాయి ఆ సాయంత్రం నర్సింగ్ హోమ్‌లో ఉన్నాడని, నాకు టీ ఇచ్చాడని కూడా చెబుతాను. అతనికి ఏ పాపమూ తెలియదని ప్రమాణం చేసి చెబుతాను. నీకు నేను బాకీపడ్డది అదొక్కటే.

బస్సు వచ్చింది.

అక్క


ధర్మవరం
2025 జూన్ 4, బుధవారం

అక్కా,

ఆ ఆఖరి మాట చెప్పొద్దు. ఏ పాపమూ తెలియదన్న మాట.

2013 అక్టోబరు 9, సాయంత్రం నాలుగూ నలభైకి మా ఆయన ఫోన్ చేశాడు. నా మంచం పక్కన కిటికీ ఉంది. కిటికీ అవతల గోడకు రూపాయి బిళ్ల ఫోన్ ఉంది. మీ బండి స్టార్ట్ అయిన శబ్దం విన్నాను, తర్వాత బిళ్ల పడిన శబ్దం విన్నాను. "ఆంజినేయులన్నా, నేను తిరుపాల్ని. ఇప్పుడే లేసినారు. వంకదారిన పోతారంట. వదినె కూడా ఉండాది."

నాకు అప్పుడు అర్థం కాలేదని రాయాలని ఉంది. పూర్తిగా అర్థం కాలేదు, అంతే. ఆరున్నరకు కబురు వచ్చినప్పుడు అర్థమైంది. పాపకు పాలిస్తున్నాను. ఆయన గుమ్మంలో నిలబడి నన్ను చూశాడు. నేను విన్నానని ఆయనకు తెలిసింది.

తర్వాత ఒక్కసారే అడిగాను. "నిలదీసి అడుగుతామన్యారు, అంతే అన్యారు. ఏం జెయ్యొద్దనే గదా, వదినె ఉండాదని చెప్పినా" అన్నాడు. అది నిజమై ఉండవచ్చు. నేను ఇన్నేళ్లూ ఆ ఒక్క మాటమీదే కాపురం చేశాను. మళ్లీ ఆయన ఎత్తలేదు, నేను ఎత్తలేదు. కల్యాణమండపంలో పెద్దలు పెట్టుకున్న షరతు మా ఇంట్లో ముందునుంచే నడుస్తోంది.

ఆయన వంక దగ్గర లేడు. అది నిజం. నువ్వు అబద్ధం చెప్పావు. అదీ నిజం. కానీ ఆ పేరు పూర్తిగా తప్పు పేరు కాదు. ఈ మాట చెబితే ఆయనను నేనే జైలుకు పంపుతాను. చెప్పకపోతే నిన్ను తిట్టే హక్కు నాకు లేదు. పోయిన ఉత్తరంలో తిట్టాను. నీ ప్రశ్నకు జవాబు లోపల పెట్టుకుని తిట్టాను.

మొదటి ఉత్తరం ఆయన రాయమంటేనే రాశాను. తక్కినవి ఆయనకు తెలియవు. నువ్వు నర్సింగ్ హోమ్ సంగతి చెప్పబోతున్నావని కూడా తెలియదు. నిన్న సాయంత్రం మగ్గం దిగి, "మీయక్క సంతకం పెడ్తాదా?" అని అడిగాడు. తెలియదన్నాను. ప్రత్యూష నోట్‌బుక్‌కు అట్ట వేస్తూ కూర్చున్నాడు. అట్టలు చక్కగా వేస్తాడు.

నేనేం చెయ్యాలో నువ్వు చెప్పు.

ప్రశాంతి


హిందూపురం
2025 జూన్ 11, బుధవారం

ప్రశాంతీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. దీనితోపాటు తిరిగి పంపుతున్నాను. నా దగ్గర ఉంటే అది సాక్ష్యమవుతుంది. నీ దగ్గర ఉంటే ఉత్తరంగా ఉంటుంది. రిజిస్టర్డ్ పోస్టులో వేశాను, నీ చేతికే ఇస్తారు.

మొదటి రోజు తిరుపాల్‌మీద కోపం వచ్చింది. రెండో రోజు నీమీద వచ్చింది. నిన్న షిఫ్టులో కాలర్లు కుడుతూ లెక్క చూశాను. వాళ్లు వంకదారిన ఎలా కాసుకున్నారో పన్నెండేళ్లకు తెలిసింది. తెలిస్తే మనసు కుదుటపడుతుందని అనుకునేదాన్ని. పడలేదు.

రంగనాథ్ బావ సోమవారం మళ్లీ వచ్చాడు. కాగితం, పెన్నూ తెచ్చాడు. ఆదివారం ఊళ్లో వాన పడిందని, విత్తనం తెప్పించానని చెప్పాడు. పదిహేడో తేదీ కోర్టులో నేను చెప్పేదే నా సంతకమన్నాను. పెన్ను జేబులో పెట్టుకుని, "నీ ఇష్టమమ్మా" అని వెళ్లిపోయాడు. కాఫీ తాగలేదు. అతను మా ఇంట్లో కాఫీ వద్దనడం ఇదే మొదటిసారి. పవన్‌ను మరుసటి రోజే అమరాపురం పంపించాను, తెలిసినవాళ్లింటికి. "పదునుపోతాదమ్మా, విత్తనం ఎయ్యాల" అని గొడవ చేశాడు. బస్సు ఎక్కాక కిటికీలోంచి నావైపు చూడలేదు.

నేను చెప్పేది ఇంతే. ముగ్గురిని చూశాను. ఏడుగురిని చూడలేదు, చూశానని చెప్పాను. తిరుపాల్ నాలుగున్నరకు ధర్మవరంలో ఉన్నాడు. ఏ పాపమూ తెలియదన్న మాట తీసేశాను.

నువ్వేం చెయ్యాలో నేను చెప్పను. నీ కిటికీ దగ్గర నేను లేను. చూడనిది చూసినట్టు ఒకసారి చెప్పాను. విననిది విన్నట్టు ఇప్పుడు చెప్పను. నీకు బదులుగా కూడా చెప్పను.

నిన్న సాయంత్రం ప్రాసిక్యూటర్ దగ్గరికి వెళ్లాను. ఆంజనేయులుకు ఫోన్‌లో దారి చెబుతుండగా విన్నవాళ్లు ఒకరున్నారని మాత్రం అన్నాను. ఆయన పెన్ను తీసి పేరు అడిగాడు. అలాంటి సాక్షి ఉంటే నా మూడు పేర్లు నిలబడవచ్చని, ఫోన్ చేసినవాడు మాత్రం శిక్ష తప్పించుకోలేడని కూడా చెప్పాడు. రెండోది కూడా నీకు తెలియాలని రాస్తున్నాను. పేరు చెప్పలేదు. ఇదే జిల్లాలో ఒక వరండాలో కూర్చుని ఇతరుల పేర్లు చెప్పాను. ఇక ఎవరి పేరూ ఇంకొకరి బదులు చెప్పను. వచ్చేవాళ్లుంటే వాళ్లే వస్తారన్నాను.

నువ్వు రాకపోతే నీమీద కోపం ఉండదని రాయలేను. ఉండవచ్చు. వస్తే ప్రత్యూషను వెంట తేవద్దు. నరసక్కతో మాట్లాడాను, వాళ్ల ఇంట్లో ఒక గది ఉంది.

జూన్ 16, సోమవారం సాయంత్రం ఐదు వరకు ప్రాసిక్యూటర్ ఆఫీసులో ఉంటారు. కొత్త సాక్షికి పిటిషన్ వెయ్యాలంటే అదే గడువు. 17, మంగళవారం ఉదయం పదిన్నరకు హిందూపురం కోర్టులో నన్ను పిలుస్తారు. ముద్దాయిలు పదిమందీ హాజరు కావాలి కాబట్టి తిరుపాల్ ఆ రోజు ధర్మవరం నుంచి పొద్దున బండికే బయలుదేరతాడు. 18, బుధవారం కూడా ఈ కేసుకే కేటాయించారు. ప్రాసిక్యూటర్ డైరీలో ఆ పేజీ చూశాను. సాక్షి అన్నచోట ఏమీ రాయలేదు.

అక్క